తాడు వదులైనప్పుడు

కిందటి ఏడు జూలై ముసురులో మా ఇంటికి ఒక ఆడపిల్ల వచ్చింది. పేరు గవ్వ. గోధుమరంగు ఒళ్ళు, వీపు మీద గవ్వంత తెల్లమచ్చ, ఒంటికి మించిన చెవులు. మా వీధి చివర కల్వర్టు కింద నాలుగు కుక్కపిల్లలుండేవి. మగవాటిని మూడింటినీ ఎవరెవరో ముచ్చటపడి ఎత్తుకుపోయారు. ఇది ఆడది కనక మిగిలిపోయింది. మనుషుల జబ్బు కుక్కపిల్లల దాకా పాకింది, ఏం చెప్పను! తల్లి కనబడటం మానేశాక రెండు రాత్రులు వానలో అరిచింది. మూడో రాత్రి మా అమ్మాయి గొడుగేసుకుని వెళ్ళి, చున్నీలో చుట్టి తెచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటానని దానికి తెలుసు.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలోకి దింపొద్దన్నారు పశువుల డాక్టరు గారు. పార్వో అనే జబ్బు ఉందిట. దాని పురుగు మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందిట, లేతపిల్లకి సోకితే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుందిట. అందుకని నడక పాఠం ఇంట్లోనే మొదలైంది.

మెడకి బెల్టు కట్టిన రోజు కొంప మునిగినట్టు కూర్చుంది గవ్వ. వెనక్కాలితో గోక్కుంది, తన చుట్టూ తనే తిరిగింది, మంచం కిందికి దూరి బయటికి రానంది. మర్నాటి నుంచి అన్నం గిన్నె ముందు పెట్టి, తినే ధ్యాసలో ఉండగా బెల్టు కట్టడం మొదలుపెట్టాం. నాలుగు రోజులయ్యేసరికి బెల్టు చూస్తే తోక ఊపేది, బెల్టంటే అన్నమనుకుని. ఆ తర్వాత బెల్టుకి తేలికపాటి తాడు తగిలించి వదిలేశాం. షాపులో దాన్ని లీష్ అన్నారు, మా ఇంట్లో తాడనే స్థిరపడింది. కుర్చీకాళ్ళకి చుట్టుకోకుండా ఎవరో ఒకరం కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. అదేమో తన తాడు తనే నోట కరుచుకుని, తనని తనే నడిపించుకుంటున్నట్టు హాలంతా ఊరేగేది. నవ్వొచ్చేది చూస్తే. తర్వాత కొన్నాళ్ళకి నా సంగతీ అంతేనని తెలిసొచ్చి నవ్వు ఆగిపోయింది.

అసలు కష్టం వీధిలోకి వెళ్ళాక మొదలైంది.

మాది రాజమండ్రి. గోదావరి గట్టు మా ఇంటికి పావుగంట నడక. గవ్వకి ఐదో నెల వచ్చాక, ఉదయం ఐదున్నరకి గట్టు దాకా తీసుకెళ్ళొచ్చని ఎంతో ఆశపడ్డాను. గేటు దాటగానే ఆ ఆశ ఆవిరైపోయింది. ఇడ్లీ బండి వైపు ఒక లాగుడు, మురిక్కాలవ వైపు ఒక లాగుడు, పిల్లులు కూర్చునే గోడ దగ్గరైతే ముందుకాళ్ళు గాల్లోకి లేచేవి. గొంతు నొక్కుకుపోయి దగ్గేది, దగ్గుతూనే లాగేది. నేను కోపంతో వెనక్కి లాగితే ఇంకాస్త బలంగా ముందుకి ఉరికేది. ఇంటివైపు ఈడిస్తే నడిరోడ్డు మీద చతికిలబడేది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. పోలీసుల డాగ్ స్క్వాడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అరుగు మీద కాఫీ తాగుతూ మమ్మల్ని రెండు రోజులు చూశారు. మూడో రోజు ఇక ఉండబట్టలేక పిలిచారు.

"ఎవరు ఎవర్ని తిప్పుతున్నారమ్మా?"

"చూస్తున్నారుగా బాబాయి గారూ, భుజం ఊడిపోతోంది."

"నువ్వు లాగుతున్నావు కనకే అది లాగుద్ది. కుక్క ఒళ్ళే అంత. వెనక్కి గుంజితే ముందుకి ఎగబడుద్ది, ముందుకి ఈడిస్తే వెనక్కి కూలబడుద్ది. తాడు బిగిసిందా, గుంజలాగా నిలబడిపో. తిట్టకు, లాగకు, బతిమాలకు. అది నీ వైపు తిరిగి తాడు వదులైందా, అప్పుడు కదులు."

"ఎంతసేపు నిలబడాలండీ?"

"దానికి అర్థమయ్యేదాకా. తొందర దానికా, నీకా?"

లేత గొంతు నలిగిపోతుందని, తాడు మెడబెల్టుకి కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే పట్టీకి తగిలించమన్నారు. ఇంకో మాట కూడా చెప్పారాయన, ఎవరితోనో కాదు, కాఫీ గ్లాసుతో చెప్పుకుంటున్నట్టు. "మా రోజుల్లో మేం ఇనప గొలుసు బిగించి నేర్పేవాళ్ళం. వినేవి, వినకేం? కానీ నా బూటు చప్పుడైతే చెవులు వెనక్కి పెట్టేవి. అప్పుడు దాన్ని క్రమశిక్షణ అనుకున్నా." ఆ తర్వాత కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు ఆయన చెప్పినట్టే చేశాను. మా గేటు నుంచి మొదటి కరెంటు స్తంభానికి ముప్పై అడుగులుంటుందేమో. ఆ ముప్పై అడుగులకి ఇరవై నిమిషాలు పట్టింది. గవ్వ ఉరికింది, తాడు బిగిసింది, నేను ఆగాను. అది ఇంకా బలంగా లాగింది. ఆగాను. మూలిగింది, కూర్చుంది, లేచింది, పక్కకి లాగి చూసింది. పాలబ్బాయి సైకిలు ఆపి, "ఏమైందండీ, కాలు బెణికిందా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. సిగ్గేసింది. వీధి మధ్య ఊరికే నిలబడటం అంత తేలికేమీ కాదు.

అప్పుడు జరిగింది. గవ్వ లాగి లాగి అలిసిపోయి, ఈవిడ ఇంకా ఉందా లేదా అన్నట్టు మెడ తిప్పి నా మొహంలోకి చూసింది. చూసేసరికి ఒక అడుగు వెనక్కి పడింది. కర్రలా బిగిసి ఉన్న తాడు నడుమ దగ్గర కిందికి జారి, ఉయ్యాలతాడులా ఊగింది. వెంటనే వంగి, మోకాలి పక్కన ఒక ఉడికించిన కోడిమాంసం ముక్క అందించాను. ముక్క ముందుకి చాపి ఇవ్వకూడదుట, పక్కనే ఇవ్వాలిట. అక్కడ దొరుకుతుందని తెలిస్తే అక్కడే ఉంటుందని బాబాయి గారి లెక్క. ఆ తర్వాత ఇద్దరం కలిసి మూడంటే మూడు అడుగులు వేశాం. నాలుగో అడుగులో మళ్ళీ ఉరికింది. మళ్ళీ ఆగాను.

ఇదంతా ఈ రాత్రి మీకెందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లోనే ఇంకో తాడు కొసన, గవ్వలాగే లాగుతూ నేనున్నాను.

మా అబ్బాయి హైదరాబాదులో ఒక కంపెనీలో చేసేవాడు. సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం రావొద్దన్నారు, అంతే. ఇంటి లోను ఉంది, నెల తిరిగేసరికి కంతు కట్టాలి. కోడలికి ఆరో నెల. పగలంతా ధైర్యం చెప్పేదాన్ని. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. చీకట్లో కూర్చుని నవంబరు లెక్క, డిసెంబరు లెక్క, పురుడు లెక్క వేసేదాన్ని. ప్రార్థన చేయకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే అది ప్రార్థన కాదు, లాగుడు. ప్రభువా ఇది చెయ్యి, వాడికి ఫలానా చోట ఇప్పించు, ఈ సోమవారం లోపు, అని తేదీలతో సహా చెప్పేదాన్ని. ఆయన కదిలేవాడు కాదు. నేను ఇంకాస్త గట్టిగా లాగేదాన్ని.

మీకూ ఇలాంటి రాత్రులున్నాయా? మీ తాడు దేని దగ్గర బిగుసుకుంటోంది? పిల్లల పెళ్ళి దగ్గరా, రిపోర్టు దగ్గరా, ఎవరికీ చెప్పుకోలేని అప్పు దగ్గరా?

హోషేయ ప్రవక్త క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం మనిషి. సొంత కాపురంలోనే గుండె పగిలినవాడు. ఆయన గ్రంథం 11వ అధ్యాయంలో దేవుడు, మాట వినని బిడ్డ గురించి తలుచుకునే తండ్రిలా మాట్లాడతాడు. వీడికి నడక నేర్పింది నేనే గదా, చేతులు పట్టుకున్నది నేనే గదా అన్నట్టు ఉంటుంది ఆ ధోరణి. తాళ్ళ మాట కూడా అక్కడే వస్తుంది. పశువుని గుంజకి కట్టే పలుపు కాదది, మనుషుల్ని ప్రేమతో దగ్గరికి తీసుకునే తాడు. ఆ వెంటనే, ఆయన వంగి వాళ్ళకి తిండి పెట్టిన సంగతి ఉంటుంది. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. కానీ నడిరోడ్డు మీద వంగి, చేతిలో కోడిమాంసం ముక్కతో నిలబడ్డాకే ఆ వంగడం నా కంటికి ఆనింది. నడక నేర్పేవాళ్ళు వంగక తప్పదు. చేతులు పట్టుకుని నడిపించాలన్నా, ముద్ద పెట్టాలన్నా బిడ్డ ఎత్తుకి దిగి రావాలి.

నేనింకొకటి గమనించాను. దీన్ని మీరు కాస్త నిదానంగా చదవండి. గవ్వ లాగినప్పుడల్లా నేను దాని వెనక నడిచి ఉంటే, అది ఏం నేర్చుకునేది? లాగితేనే చేరతాం అని. నేను గుంజలా నిలబడ్డ రోజున మా ఆయన సాయంత్రం దాని వెనక పరిగెత్తేవారు, "పోనీలేవే, పసిది" అంటూ. ఉదయం పాఠం సాయంత్రానికి కాలవపాలు. అది చేరాలనుకున్న చోటికి చేరింది, కాబట్టి లాగడం వల్లే చేరానని దాని లెక్క. నా బెంగ కూడా అచ్చం అలాగే పెరిగింది. రాత్రంతా భయపడతాను. తెల్లారుతుంది, భయపడ్డది జరగదు. ఎలాగో గడిచిపోతుంది. హమ్మయ్య, నేను మేలుకుని కాపలా కాయబట్టి గట్టెక్కామని లోపలెక్కడో అనుకుంటాను. గట్టెక్కించినవాడికి ఇవ్వాల్సిన కృతజ్ఞత నా బెంగ ఖాతాలో వేసుకుంటాను. మరి మర్నాటి రాత్రి అది మళ్ళీ లేచి కూర్చోదా?

కానీ మిమ్మల్ని తప్పు పడుతున్నానని మాత్రం అనుకోకండి. ఆగిపోయిన ప్రతిసారీ మీరు లాగినందుకే ఆగిందని చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ మాట నేనొప్పుకోను. చాలాసార్లు గవ్వ బుద్ధిగా నడుస్తుండగానే నేను ఆగాను. మలుపు దగ్గర ఇసుక లారీ వెనక్కి వస్తోందని ఆగాను. అవతలి సందులో నాలుగు పెద్ద కుక్కలు లేచి నిలబడ్డాయని ఆగాను. దాని ఎత్తుకి ఆ లారీ కనబడదు. దానికి తెలిసిందల్లా, ఏ తప్పూ చేయకుండానే నడక ఆగిపోయిందని. నేనెలా చెప్పను దానికి? పక్కన నిలబడ్డాను, వీపు నిమిరాను. అంతకన్నా చెప్పే భాష మా ఇద్దరి మధ్యా లేదు.

సంఖ్యాకాండము 9వ అధ్యాయంలో అరణ్యంలోని ప్రజల సంగతి ఉంది. మందిరం మీది మేఘం లేస్తే ప్రయాణం, నిలిస్తే విడిది. ఆ మేఘం ఒక్కోసారి రెండు రోజులుండేది, ఒక్కోసారి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం. ఎందుకు ఆగిందో అక్కడ ఒక్క ముక్క రాసి ఉండదు. గుడారాలు వేసుకున్న తల్లులు ఎన్ని రోజులకి పిండి విసురుకోవాలో తెలియక ఎంత విసుక్కుని ఉంటారో అనిపిస్తుంది నాకు. అయినా ఆ ఆగిన రోజుల్లోనూ మేఘం వాళ్ళ నెత్తి మీదే ఉంది. ఎక్కడికీ పోలేదు. మీకివాళ ఏదీ కదలడం లేదంటే, మిమ్మల్ని ఒంటరిగా వదిలేశారని కాదు.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, పదకొండింటికి గవ్వని బయటికి తీసుకెళ్ళాను. తెలివితక్కువ పని. మా ఊళ్ళో అక్టోబరు ఎండ కూడా ఎండే. కొంచెం దూరం వెళ్ళాక అది కాళ్ళు మార్చి మార్చి ఎత్తడం మొదలుపెట్టింది. మొండికేస్తోందనుకుని కసిరాను కూడా. నా కాళ్ళకి చెప్పులున్నాయి మరి. అనుమానం వచ్చి వంగి, అరచేతి వెనక భాగం తారు మీద ఆనించాను. ఏడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచగలిగితేనే కుక్కని నడిపించాలంటారు. మూడు దాటలేదు. గబుక్కున ఎత్తుకుని చీరకొంగు కప్పాను. దాని గుండె నా మోచేతి మీద టకటకా కొట్టుకుంటోంది. ఇంటిదాకా మోసుకొచ్చాను. ఆ రోజు పాఠం లేదు, తాడూ లేదు.

చెప్పులేసుకున్న నాకు నేల వేడి తెలియలేదు. మన ప్రభువు అలాంటివాడు కాడు. సమరయలో మిట్టమధ్యాహ్నం నడిచి నడిచి అలిసిపోయి, బావి దగ్గర చతికిలబడ్డవాడు. మంచినీళ్ళకి ఇంకొకరిని అడిగినవాడు. మీరిక అడుగు వేయలేనంటే అది మొండితనం కాదని ఆయనకి తెలుసు. ఎత్తుకోవడమూ తెలుసు.

ఇంక ఈ నడక పాఠంలో నాకు బాగా నచ్చిన విషయం, దాని పొట్టితనం. చిన్నపిల్లకి ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అంతే. అలిసి విసుక్కునేదాకా ఉంచకూడదు, ఇంకా ఉత్సాహం ఉండగానే ముగించాలి. మధ్యలో ఆగి చెట్టు మొదలు వాసన చూస్తానంటే చూడనివ్వాలి, కుక్కకి లోకం ముక్కుతోనే తెలుస్తుంది కనక. మొదట్లో అది టైము దండగ అనుకునేదాన్ని. ఇప్పుడు అది వాసన చూస్తున్నంతసేపు నేను ఆకాశం చూస్తాను. గట్టు మీద తెల్లారడం ఇన్నేళ్ళలో ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి మీరు ఒంట్లో ఓపిక లేక నాలుగు ముక్కల ప్రార్థన చేసి పడుకుంటే సిగ్గుపడకండి. రేపటికి ఒక్క చిన్న పని పెట్టుకుందాం, మీరూ నేనూ. రేపు పగలు ఎప్పుడో ఒకప్పుడు తాడు బిగుస్తుంది. మీకే తెలుస్తుంది. దవడ బిగుస్తుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఫోను చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడు చేస్తున్న పని ఆపి, ఉన్నచోటే నిలబడండి. స్టవ్ ముందైనా, బస్టాండులోనైనా, ఆఫీసు మెట్ల మీదైనా సరే. గవ్వలాగా ఒక్కసారి మెడ తిప్పండి. "తండ్రీ, నేను ముందుకి ఉరికాను, నీ పక్కకి వస్తున్నాను" అనండి. అంతకంటే పెద్ద మాటలక్కర్లేదు. 32వ కీర్తనలో, కళ్ళెం వేస్తే తప్ప దగ్గరికి రాని గుర్రం, కంచరగాడిద ప్రస్తావన ఉంది. దానికి ముందు వచనంలోనే, దేవుడు మన మీద చూపు నిలిపి దారి చెబుతాననే మాట ఉంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. మనం తిరిగి చూడటమే ఆలస్యం.

రోజుకి పదిసార్లు ఉరికితే పదిసార్లు తిరగండి. పదకొండోసారి కూడా ఆయన విసుక్కోడు. నేనే గవ్వని విసుక్కోవడం మానేశాను, ఆయన సంగతి చెప్పాలా!

మా అబ్బాయికి ఇంకా స్థిరమైన పని దొరకలేదు. అక్కడా ఇక్కడా చిన్న చిన్నవి చేస్తున్నాడు. లోను కంతు రెండు నెలలు మా ఆయన పెన్షనులోంచి వెళ్ళింది. మనవరాలు జనవరిలో పుట్టింది, మూడు కిలోలకి కాస్త తక్కువ. రాత్రి రెండింటికి ఇప్పటికీ అప్పుడప్పుడూ మెలకువ వస్తుంది. మళ్ళీ లెక్కల్లోకి వెళ్ళబోయి, ఆగి, మెడ తిప్పుతాను. కొన్ని రాత్రులు వెంటనే నిద్ర పడుతుంది. కొన్ని రాత్రులు పట్టదు.

గవ్వ ఇప్పుడు గట్టు దాకా వెళ్ళి వస్తోంది. తాడు చాలావరకు వదులుగానే ఉంటుంది. పిల్లులు కూర్చునే గోడ దగ్గర మాత్రం నిన్న కూడా లాగింది. నేను ఆగాను. అది కాసేపు గోడ వైపు చూసి, నా వైపు చూసింది.

చాలా పొద్దుపోయింది. రేపటి లెక్కలు రేపు వేసుకుందురు గాని, ఇక దీపం ఆర్పి పడుకోండి.